అత్తయ్య పరిచిన పక్క

“నేను పరిచిన పక్క మీద పడుకుంటే ఎవరికైనా ఒళ్ళు కందిపోతుందా అత్తయ్యా?”

అడగనే అడిగేసింది కోడలు! ఇన్నాళ్ళూ గొంతు దాకా వచ్చి దిగిపోయిన మాట ఆ ఉదయం దిగలేదు. స్నానానికి వెళ్ళేముందు తను శుభ్రంగా సర్దిన మంచమది. వచ్చి చూసేసరికి దుప్పటి మొత్తం లాగేసి, ఉతికిన వేరే దుప్పటి దులుపుతూ నిలబడి ఉంది అత్తగారు. డ్యూటీకి తయారైన తెల్ల యూనిఫాం, ఎదురుగా ఎవరున్నా మారని ఆ ముఖం...

అత్తగారు దుప్పటి మూల మడిచి పరుపు కిందికి దోపింది. అరచేత్తో ఒక్కసారి నిమిరింది. “కాఫీ చల్లారిపోతోంది, తాగు” అని బయటికి నడిచింది.

కోడలు తలుపు వేసుకుని కరువుతీరా ఏడ్చింది. ఒకనాటి సంగతి కాదిది. కిందటేడు నెలలు నిండకుండానే ఆడపిల్ల పుట్టి, కళ్ళయినా తెరవకుండా వెళ్ళిపోయింది. ఎరిగినవాళ్ళు, ఎరగనివాళ్ళు వచ్చి ఓదార్చారు. వీధి చివర దుకాణమావిడ కూడా చేతులు పట్టుకుని ఏడ్చింది. అత్తగారు మాత్రం ఒక్క మాట అంటే ఒట్టు! మర్నాడే యూనిఫాం వేసుకుని డ్యూటీకి వెళ్ళిపోయింది. ఊళ్ళోకెల్లా పెద్ద ఆసుపత్రిలో నర్సులందరి మీదా పెద్ద ఆవిడ. ఎన్ని చావులు చూసిందో, ఇదొక లెక్కా అనుకుంది కోడలు. సరిగ్గా అప్పటినుంచే మొదలైంది ఈ పక్క గోల. రోజూ తను పరచడం, రోజూ ఆవిడ పీకి మళ్ళీ పరచడం. పక్క పరచడమే చేతకానిది కడుపులో బిడ్డనేం కాపాడుకుంటుంది అని కాబోలు ఆవిడ ఉద్దేశం...

ఏడుపు తగ్గాక భర్త ముందు కూర్చుని, మనం వేరే ఇల్లు చూసుకుందామంది. చూసుకుందామనడం కాదు, చూసేసింది కూడా. పార్కు వెనకాల రెండు గదుల వాటా, గాలీ వెలుతురూ బాగా వస్తాయట. నెలాఖరుకి మారిపోదామంది. అమ్మకీ భార్యకీ మధ్య నలిగి నలిగి ఇస్త్రీ బట్టలా తయారైన మనిషి ఆయన. కాసేపు తల గోక్కుని, ముందు ఈ పత్రిక పని కానివ్వు, ఆ తర్వాత నువ్వెలా అంటే అలాగే అన్నాడు. పైగా, ఫోటోకి కూర్చోబెట్టినప్పుడైనా అమ్మ నువ్వు చెప్పినట్టు వింటుంది, ఆ ముచ్చటైనా తీర్చుకో అని ఓ నవ్వు నవ్వాడు. కోడలికి నవ్వు రాలేదు.

ఆ పత్రిక పనే అసలు తంటా. కోడలు ఫోటోగ్రాఫరు. పెళ్ళిళ్ళూ పుట్టినరోజులూ తీసుకుంటూ వచ్చిన ఆమెకి మొదటిసారి ఓ పెద్ద అవకాశం వచ్చింది. నర్సుల కోసం వచ్చే వృత్తి పత్రికవాళ్ళు ప్రత్యేక సంచిక వేస్తూ, ఆసుపత్రి పెద్దలవీ నర్సులవీ ఫోటోలు తీసి పెట్టమన్నారు. అట్ట మీదికి, త్వరలో రిటైరవబోతున్న నర్సింగ్ సూపరింటెండెంటు గారి బొమ్మ కావాలన్నారు. ఆ సూపరింటెండెంటు ఫోటోగ్రాఫరుకి స్వయానా అత్తగారని సంపాదకురాలికి తెలీదు. ఆవిడ పట్టు పట్టింది ఒక్కటే: చదివేవాళ్ళ కళ్ళలోకి సూటిగా చూస్తున్నట్టుండాలి, చూపు కుదరని బొమ్మ మాకొద్దు, కుదరకపోతే వేరేవాళ్ళని పంపుకుంటాం అంది.

ఆసుపత్రి పాత భవనంలో ఓ ఖాళీ గది ఇచ్చారు. ఎడమవైపు పెద్ద కిటికీ. కిటికీ వెలుగు మనుషుల ముఖాల మీద మెత్తగా పడాలని, కోడలు గదిలో ఉన్న ఇనప మంచాన్ని కెమెరా పక్కకి లాగి, దాని మీద తెల్ల దుప్పటి పరిచి, దిండు పెట్టింది. దుప్పటి మీద పడ్డ ఎండ తిరిగి ముఖానికి తగిలితే కళ్ళ కింది నీడలు పోతాయి. ఖర్చు లేని ఉపాయం, ఎప్పుడూ పారేదే.

ముందు డైరెక్టరు గారు వచ్చారు. తన కుడి చెంప బాగుంటుందని చెప్పి మరీ అటు తిరిగి కూర్చున్నారు. కెమెరా మీంచి చూపు రెప్పపాటు కూడా తిప్పలేదు. పోయేముందు తన బొమ్మ తనే మూడు నాలుగుసార్లు చూసుకుని మురిసిపోయారు.

తర్వాత నర్సులొచ్చారు, కష్టాలూ వచ్చాయి. ఎవరిని కూర్చోబెట్టినా చూపు కెమెరాలో నిలవదు! కాస్త ఎడమకి జారిపోతుంది. ఇటు చూడండి అంటే చూస్తారు, మీట నొక్కే సమయానికి మళ్ళీ జారిపోతారు. ఒకావిడ పెదవి కొరుక్కుంటుంది, ఒకావిడ వేళ్ళు నులుముకుంటుంది. కెమెరా వెనక తెర మీద బొమ్మలన్నీ తిప్పి చూసుకుంటే అందరిదీ అదే దొంగచూపు. కోడలికి చెమటలు పట్టాయి. అవకాశం కాస్తా చెయ్యి జారిపోయేట్టుంది.

చివరికి పురిటి వార్డు సిస్టరే నోరు విప్పింది. ఎప్పుడూ నవ్వుతూ ఉంటుందని అందరూ ఆమెని నవ్వుల సిస్టర్ అంటారు.

“ఏమీ అనుకోకండమ్మాయిగారూ, ఆ పక్క సర్దితే గానీ మాలో ఎవరికీ మీ కెమెరా కనపడదు” అంది.

కోడలు తెల్లబోయింది. దిండు గలీబు మూతి వాకిలి వైపు ఉందట. దుప్పటి మూలలు మడవకుండా వేలాడుతున్నాయట. చదువుకునే రోజుల్లో మొదటి పాఠమే అదట. అలాంటి మంచం కళ్ళెదురుగా పెట్టుకుని నవ్వమంటే ఎలా అని నవ్వుల సిస్టర్ అడిగేసరికి, అప్పటిదాకా బిగుసుకుపోయిన నర్సులంతా ఒక్కసారి ఘొల్లున నవ్వారు. తలో చెయ్యీ వేసి చిటికెలో మంచం సర్దేశారు. ఆ నవ్వుల్లోనే కోడలు చకచకా మీట నొక్కింది. అబ్బ, ఎంత బాగా వచ్చాయో! ఒక్కొక్కరూ ఇంట్లో మనిషిని చూసినట్టు చూస్తున్నారు.

“ఇంట్లో మా అత్తయ్యా ఇంతే” అంది కోడలు, నవ్వుతూనే, ఎక్కడో కలుక్కుమంటుండగా. “నేను పరిచిన పక్క రోజూ పీకేసి మళ్ళీ పరుస్తుంది.”

గదిలో నవ్వులు ఆగిపోయాయి. ఆ అత్తయ్యెవరో నర్సులందరికీ తెలుసు, వాళ్ళంతా ఆవిడని పెద్దమ్మ అనే పిలుస్తారు. నవ్వుల సిస్టర్ దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది.

“మీ పక్క పెద్దమ్మ పరుస్తారా? రోజూనా?”

“కిందటేటి నుంచి.”

“ఆవిడ పక్కలు పరచడం మానేసి ఎంతకాలమైందో అమ్మాయిగారూ. మాచేత చేయించడమే ఆవిడ పని. ఒక్క గదిలో తప్ప. మా వార్డు చివర చిన్న గది ఉంది. బిడ్డ దక్కని తల్లుల్ని అక్కడ ఉంచుతాం, పసిపిల్లల ఏడుపు చెవిన పడకుండా. ఆ గదిలో పక్క మాత్రం ఆవిడే పరుస్తారు. మమ్మల్ని ముట్టుకోనివ్వరు. ఎందుకమ్మా అని ఓసారి అడిగాను. ‘మంచి మాటలు అందరూ చెప్తారు. రాత్రంతా ఏడ్చి నలిపేసుకున్న దుప్పటి మీదే ఆ పిల్ల మళ్ళీ పడుకోకూడదు, అంతే’ అన్నారు.”

రోజూ ఉదయం ఎదురైన ఆ ఉతికిన దుప్పటి, ఎండలో ఆరిన ఆ వాసన, ఏడ్చి ఏడ్చి తడిసిన దిండు గలీబు సాయంత్రానికల్లా మారిపోయి ఉండడం... ఒక్కొక్కటే కోడలికి గుర్తొచ్చాయి. తప్పు పడుతోందనుకుంది తను! ఎంత తెలివితక్కువ దాన్ని అనుకుంది. నర్సులు ఒకరి వెనక ఒకరు చప్పుడు చెయ్యకుండా బయటికి వెళ్ళిపోయారు.

అప్పుడే వచ్చింది అత్తగారు. కుర్చీలో కూర్చుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, గుర్తింపు కార్డు ఫోటోకి దిగినట్టు బిగుసుకుపోయింది. మీట నొక్కినప్పుడల్లా కళ్ళు మూసుకుంది. ఇంకో పది తీసినా ఇంతేనని కోడలికి అర్థమైంది. వెళ్ళి మంచం మీది దుప్పటి లాగి, ఉండచుట్టి అత్తగారి ఒళ్ళో పెట్టి, కెమెరా చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడింది.

“ఈ పక్క పరవండి అత్తయ్యా.”

“ఎవరికి?” అంది అత్తగారు, అలవాటు కొద్దీ.

“బిడ్డ పోయిన తల్లికి.”

అత్తగారి చెయ్యి దుప్పటి మీదే ఆగిపోయింది. లేచి, దులిపి, పరవడం మొదలుపెట్టింది. తల ఎత్తకుండానే మాట్లాడింది.

“నాకు మాటలు రాక కాదే. ఎంతమంది తల్లుల పక్కన కూర్చుని చెప్పానో ఆ మాటలన్నీ. నీ దగ్గరికొచ్చేసరికి ఒక్కటీ పెగల్లేదు. అది నా మనవరాలు కూడా కదా... నోరు తెరిస్తే నేనే ఏడుస్తాననిపించింది. నేనూ ఏడుస్తూ కూర్చుంటే నిన్నెవరు చూస్తారు?”

కోడలికి కన్నీళ్ళలో కెమెరా కనపడలేదు. “నాకు పక్క పరచడం చేతకాదని చేస్తున్నారనుకున్నాను అత్తయ్యా...” అంది వెక్కుతూ.

“చేతకాదు” అంది అత్తగారు, మూల మడిచి దోపుతూ. “అది వేరే సంగతి.”

ఏడుస్తున్న కోడలు ఫక్కున నవ్వింది. ఆ నవ్వు విని అత్తగారు తలెత్తింది. ఆ చెయ్యి ఇంకా దుప్పటి మీదే ఉంది, కళ్ళ నిండా నీళ్ళు, పెదవి చివర నవ్వు. చూపు మాత్రం సూటిగా కోడలి కళ్ళలోకే. కోడలు మీట నొక్కింది.

ఆ బొమ్మే అట్ట మీద వచ్చింది. మా పెద్దమ్మకి నవ్వడం వచ్చా అని ఆసుపత్రంతా నోరు వెళ్ళబెట్టింది. మరి పార్కు వెనక ఇంటి సంగతేమిటని భర్త భయం భయంగా అడిగితే, ఏ ఇల్లు అంది కోడలు. ఆయన మళ్ళీ ఆ ఊసెత్తితే ఒట్టు.

రిటైరైన రోజు అత్తగారు పూలదండలతో, వాచిపోయిన పాదాలతో ఇల్లు చేరింది. తన గదిలోకి వెళ్ళి గుమ్మంలో ఆగింది. మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. దిండు మూతి వాకిలి వైపు లేదు. మూలలు మడిచి ఉన్నాయి, అన్నీ కాదు గానీ, చాలావరకు. వెనకే వచ్చిన కోడలు పరీక్ష రాసిన పిల్లలా నిలబడింది.

అత్తగారి చెయ్యి తనంతట తనే కాళ్ళవైపు మూల మీదికి పోయింది. అక్కడే ఆగి, వెనక్కొచ్చింది. ఆవిడ మెల్లగా ఆ పక్క మీద ఒరిగి, కాళ్ళు చాపుకుని, కళ్ళు మూసుకుంది.

“ఎలా ఉంది అత్తయ్యా?”

“ఆ మూల వదులుగా ఉంది” అంది అత్తగారు. “ఉండనీ.”