పాతరలోకి దిగిన దీపం

హంపమ్మ మెట్లెక్కి వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. కర్నూల్లో బట్టల దుకాణం మీది ఆ ఒంటి గదిలో ఫ్యాను తిరుగుతోందే గాని గాలి కిందికి రావడం లేదు. కుర్చీ చూపించినా కూర్చోకుండా ఆమె గోడకానుకుని నేల మీద కూలబడింది.

"మా ఇంటాయన మజ్జిగలో విషం కలిపినాడంటమ్మా," అంది. "ఎనిమిది దినాలాయ జైల్లో పెట్టి. ఇరవై ఏండ్లు వాళ్ళ కాడ జీతమున్నాడు. చీమను తొక్కేదానికి గూడా ఎనకాడే మనిషి."

డిటెక్టివ్ మహాదేవి నీళ్ళ చెంబు ఆమె ముందుకు జరిపింది. ఒకప్పుడు డిగ్రీ కాలేజీ కెమిస్ట్రీ ల్యాబులో పనిచేసి, కాలేజీ మూతబడ్డాక ఈ వృత్తిలోకి వచ్చిన మనిషి ఆవిడ. సహాయకుడు తేజేశ్వర్‌కు నలభై రెండేళ్ళు. మందుల కంపెనీ బ్యాగు మోసి మోసి విసిగి ఆమె దగ్గర చేరాడు. ఆమె తలచుకుంటే తేలని కేసు ఉండదని అతని గట్టి నమ్మకం. ఆ నమ్మకానికి కూడా నీళ్ళొదులుకునే పరిస్థితి తెచ్చింది ఈ కేసు.

హంపమ్మ చెప్పిన సంగతి ఇది. ఆత్మకూరు దగ్గర గుండ్లమిట్ట అనే ఊళ్ళో ఓబుళేశు అనే రైతు ఉండేవాడు. ఆ ఇంటి వెనక తాతల నాటి జొన్నల పాతర ఉంది. పాతరంటే నేలలో రెండు నిలువుల లోతున తవ్విన గొయ్యి. లోపల కడుపు వెడల్పు, పైన మూతి మనిషి పట్టేంత ఇరుకు. జొన్నలు నింపి, గడ్డి పరిచి, బండ మూసి మన్ను మెత్తితే ఏళ్ళ తరబడి పురుగు పట్టదు. మందు కొట్టని పాతర జొన్నలకు పట్నంలో గిరాకీ వచ్చిందని ఓబుళేశు దాన్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చాడు. పోయిన నెల సగం తీసి అమ్మాడు. మిగతా సగం కోసం తొమ్మిది రోజుల కింద, పొద్దున తొమ్మిది గంటలకు బండ తీయించాడు. ఆ ఇంట్లో జీతముండే హంపమ్మ భర్త సుంకప్ప ఇచ్చిన మజ్జిగ తాగి, నడుముకు తాడు కట్టుకుని లోపలికి దిగాడు. నిమిషం గడవకముందే జొన్నల మీద కూలిపోయాడు. తాడు పట్టి పైకి లాగేసరికి ప్రాణం లేదు.

"పాతరలో గాలి చెడితే మనుషులు పోతారు కదమ్మా?" అన్నాడు తేజేశ్వర్.

"అందరూ అదే అడిగినారప్పా. ముందుగాల దీపం దించినారు గదా! దీపం బాగా ఎలుగుతానే ఉన్నెంట. గాలి మంచిదేనంట. ఇంగేముండాది, మజ్జిగే అన్నారు."

దానికి తోడు మరో తద్దినం. అంతకు పది రోజుల ముందే పొలంలో మోటారు కాల్చేశాడని ఓబుళేశు సుంకప్పను నలుగురిలో చెంప మీద కొట్టాడు. ఈ దెబ్బ మర్చిపోనన్నాడు సుంకప్ప. ఆ మాట ఊరంతా విన్నది.

మర్నాడు స్టేషన్‌లో ఎస్సై వాళ్ళను మర్యాదగానే కూర్చోబెట్టాడు. మర్యాద తప్ప మరేమీ ఇవ్వలేదు.

"పోస్ట్‌మార్టంలో దెబ్బల్లేవు మేడమ్. పేగులూ అవీ ల్యాబుకు పంపినాం. రిపోర్టుకు మూడు నెలలు పడుతుంది."

"అందాకా ఆ మనిషి లోపలేనా?"

"దీపం మాటేమంటారు మరి? ఇంటోళ్ళే కాదు, సుంకప్ప గూడా దీపం చూసినానన్నాడు." ఎస్సై బీరువాలోంచి ఒక కవరు తీశాడు. అందులో చిన్న ఇత్తడి ప్రమిద. "ఇదే ఆ దీపం. ఓబుళేశు తమ్ముడు నరసింహ తెచ్చిచ్చినాడు. నూనె నిండా ఉండె, టేబులంతా అవుతుందని ఒంపేసినాం."

"దించినాక ఎంతసేపు వెలిగిందట?"

"అరగంట వెలిగినాకే దిగినాడంట."

మహాదేవి ప్రమిదను అటూ ఇటూ తిప్పి చూసి ఇచ్చేసింది. వత్తి కొస మాత్రమే నల్లగా ఉంది.

సబ్‌జైల్లో సుంకప్పను చూశాక తేజేశ్వర్‌కు కడుపు మండిపోయింది. తనను ఉరి తీసే మాటే పట్టుకుని వదలడు ఆ మనిషి.

"తాడు తెచ్చేదానికి నేను కొట్టంలోకి పోయింటినమ్మా. వచ్చేసరికి చిన్న బకెట్లో పెట్టి దీపం దించేసినారు. పైనుంచి ఎలుగు కనపడె. అదురూ బెదురూ ల్యా, నిలకడగా ఉండె."

"దీపాన్ని చూశావా, వెలుగునే చూశావా?" అంది మహాదేవి.

"బకెట్టు అంచు అడ్డముండె. ఎలుగే చూసినా. అబద్ధం చెప్పమంటారా? ఎలుగుతానే ఉండె."

"ఒక్క అబద్ధం చెప్తే నీ సొమ్మేం పోయిందయ్యా!" అని తేజేశ్వర్ నోటిదాకా వచ్చిన మాటను మింగేశాడు.

తర్వాతి రెండు రోజులూ గుండ్లమిట్ట చుట్టూ తిరగడమే సరిపోయింది. ఎండకు తల మాడిపోయింది. ఎవరిని కదిపినా ఒకటే పాట: దీపం వెలిగింది, గాలి మంచిది, మజ్జిగే చంపింది. గింజలకు పెట్టే విషపు బిళ్ళలు పాతరలో వేసి ఉంటారని తేజేశ్వర్ ఒక లెక్క వేశాడు. మందు పెట్టని జొన్నలని చెప్పి అమ్ముకునేవాడు ఎందుకు వేస్తాడని మహాదేవి ఒక్క మాటలో దాన్ని కొట్టిపారేసింది. అతనికి ఉక్రోషం వచ్చింది.

మూడో రోజు ఆ ఇంటివాళ్ళు మాట్లాడడానికి ఒప్పుకున్నారు. నరసింహ వసారాలో నిలబడే జవాబులు చెప్పాడు.

"దీపం ఎవరు దించారు?"

"నేనూ, అన్నా."

"ఎన్నిసార్లు?"

"ఒక్కసారేనమ్మా. ఎన్నిసార్లు దించుతారు?"

"ఆ బకెట్టేది?"

"ఆ గలాటాలో యాడ పడిందో ఎవరు చూసినారు? ఆ పొద్దే బండ మూసేసినాం. మళ్ళా దాని మొహం చూడలే."

మంచం మీద కూర్చున్న తల్లి వెంకటలక్ష్మమ్మకు డెబ్భై ఎనిమిదేళ్ళు. చూపు దాదాపు లేదు. "మా మామ కాలంలో బండ తీసి ఒక దినమంతా ఇడ్సిపెడుతుండ్రి," అంది. "దీపం నిలవకపోతే యాపమండలతో ఇసిరి, మళ్ళా మర్నాడు దించుతుండ్రి. ఆ పొద్దు గూడా నేనడిగినా, దీపం నిలిచిందా నాయనా అని. నిలిచిందిమా అన్నారు ఇద్దరూ. అప్పుడే దిగమన్నా." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. దిగమన్నది తనేనన్న బాధ ఆమెను తినేస్తోందని తేజేశ్వర్‌కు అర్థమైంది.

పాతర దగ్గర మహాదేవి వంగి, బండ పక్కన రాళ్ళ సందులోంచి కాలిన అగ్గిపుల్లలు ఏరింది. నాలుగున్నాయి. ఇంట్లో బీడీ తాగేవాళ్ళు ఎవరూ లేరని ఓబుళేశు కూతురు యామిని చెప్పింది. తర్వాత మహాదేవి పూజగదిలోకి తొంగి చూసింది. ఐదు పటాలుంటే నాలుగింటి ముందు వరసగా బ్యాటరీ దీపాలు పెట్టి ఉన్నాయి. ఒక్క పటం ముందు మాత్రం లేదు.

"నాయనమ్మకు కండ్లు కనపడవు గదక్కా, కొంగంటుకుంటాదని నేనే తెచ్చినా ఐదు," అంది యామిని. "ఒకటి యాడ పోయిందో ఏమో."

"పోయిన నెల జొన్నలు తీసేటప్పుడు వాన పడిందా?"

"పడింది. బండ మూసేలోపల పైన జొన్నలన్నీ తడిసినాయి."

కారెక్కాక మహాదేవి తలుపు దఢాలున వేసింది. తేజేశ్వర్ ఆమెను అంత కోపంగా ఎప్పుడూ చూడలేదు.

"తెలిసిపోయిందా అక్కా?"

"తెలిసింది. తెలిసి ఏం లాభం? నా మాట మీద ఎవరూ సుంకప్పను వదలరు. రేపు పొద్దున ఎస్సైని, ఇంటివాళ్ళనందరినీ పాతర దగ్గరికి పిలువు. హంపమ్మను కూడా."

మర్నాడు పది గంటలకు అందరూ వచ్చారు. ఇద్దరు మనుషులు బండ తొలగించారు. ఎవరూ మూతి దగ్గరికి రావద్దని మహాదేవి గట్టిగా చెప్పింది. నిండా నూనె పోసిన ప్రమిద వెలిగించి, చిన్న బకెట్లో పెట్టి, గాలి తగలకుండా నెమ్మదిగా దించింది. మూరెడు దిగిందో లేదో ఆరిపోయింది. పైకి తీసి మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. మూడోసారీ అంతే.

"గాలే లేదే, ఎట్లారిపోయింది?" అన్నాడు ఎస్సై.

"మంచిగాలి లేకనే ఆరిపోయింది," అంది మహాదేవి. "జొన్నగింజ చచ్చింది కాదు. అదీ ఊపిరి తీస్తుంది. తడి తగిలితే ఇంకా గట్టిగా తీస్తుంది. లోపలున్న మంచిగాలిని వాడేసి బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. దానికి రంగు లేదు, మామూలు గాలికన్నా బరువు. ఇంత ఇరుకు మూతి ఉంటే బయటికి పోలేక గోతిలోనే నిలిచిపోతుంది. పాతరలో పురుగు బతకనిది అందుకే. పురుగు బతకని చోట మనిషెట్లా బతుకుతాడు? నిప్పుకూ మనిషికీ కావలసింది ఒకటే గాలి. అందుకే పెద్దలు ముందు దీపాన్ని దించేవారు."

"అయితే ఆ పొద్దు ఎట్లా ఎలిగింది తల్లీ?" వెంకటలక్ష్మమ్మ అడిగింది.

మహాదేవి యామిని చేతిలోంచి బ్యాటరీ దీపం తీసుకుని బకెట్లో పెట్టి దించింది. అడుగుదాకా పోయినా వెలుగు చెక్కుచెదరలేదు. "సుంకప్ప చూసింది ఇట్లాంటి వెలుగే. నిప్పయితే రెపరెపలాడాలి, ఇది అదరలేదన్నాడు. అరగంట వెలిగిందన్న ప్రమిదలో నూనె నిండుగానే ఉంది. ఒక్కసారే దించామన్నచోట నాలుగు పుల్లలు కాలాయి. పూజగదిలో ఒక దీపం తక్కువ. తేజా, ఆ పాతాళగరిగె ఇట్లా తే."

బావిలో పడిన బిందెలు తీసే ఆ కొక్కేన్ని తేజేశ్వర్ పైనుంచే పాతరలోకి వదిలాడు. రెండుసార్లు ఒట్టి జొన్నలు తగిలాయి. మూడోసారి స్టీలు బకెట్ ఒకటి పైకొచ్చింది. అందులో జొన్నల మధ్య బ్యాటరీ అయిపోయిన ప్లాస్టిక్ దీపం ఉంది.

నరసింహ బండ మీద కూర్చుండిపోయాడు.

"మూడుసార్లు ఆరిపోయింది," అన్నాడు. "వత్తి తడిసిందనుకున్నాం. నాలుగోసారి వత్తి అంటుకోనే లేదు. దీపం ఆరిందని తెలిస్తే అమ్మ అపశకునమని పనంతా ఆపేస్తాది. లారీ వచ్చి నిలబడి ఉండాది. అందుకని నేనే పూజగదిలోది తెచ్చినా. అన్న నవ్వి సరేలేరా అన్నాడు. ఇట్లా అయితాదని నాకేం తెలుసు!"

"తెలియక చేసింది సరే," అంది మహాదేవి. "సుంకప్పను జీపెక్కించినప్పుడు తెలుసు కదా? ప్రమిద తీసుకపోయి ఎస్సై చేతిలో ఎందుకు పెట్టావు?"

"ఆస్తి కోసం అన్నను నేనే సంపినానంటారని..."

ఎస్సై నోట్‌బుక్కు తెరిచాడు. "అయితే ఇదంతా వాంగ్మూలంగా రాసివ్వు. తప్పుడు సాక్ష్యం ఇచ్చినందుకు నీ మీద కేసు ఎట్లాగూ తప్పదు."

కేసనే మాట చెవిన పడగానే నరసింహ లేచి నిలబడ్డాడు. "నేనేం చెప్పలే సార్. ఈ బొమ్మదీపం ఎవరు ఏసినారో నాకేం తెలుసు? ఈ డిటెక్టివమ్మే ఏసిందేమో!"

హంపమ్మ గొల్లుమంది. తేజేశ్వర్ అతని మీదికి వెళ్ళబోయి ఆగాడు. ఎస్సై పెన్ను మూత పెట్టేశాడు. "ఇంటోళ్ళు ఒప్పుకోకుంటే ఎట్లా మేడమ్? రిపోర్టు రానివ్వండి." ఇంత తవ్వి తీసీ ఆ మనిషి ఇంకో మూడు నెలలు జైల్లోనే! మహాదేవి తాను దీపం దించిన బకెట్‌ను నేలకేసి కొట్టింది.

"యామినీ, నన్ను ఆ ఎస్సై దగ్గర కూర్చోబెట్టు," అంది వెంకటలక్ష్మమ్మ.

మనవరాలి భుజం పట్టుకుని ఆమె ఎస్సై ఎదుట బండ మీద కూర్చుంది.

"అమ్మా, నీకిప్పుడు నేనొక్కణ్ణే ఉన్నా," అన్నాడు నరసింహ. "నన్ను పోగొట్టుకుంటావా?"

ఆమె అతని గొంతు వచ్చిన వైపు తల తిప్పలేదు.

"కండ్లు పోయినాయి గాని చెవులు బాగానే ఉండాయప్పా," అంది ఎస్సైతో. "పెద్దోణ్ణి దిగమన్నది నేనే. చిన్నోడు ఇప్పుడు చెప్పింది నా చెవులారా విన్నా. కోర్టులో గూడా చెప్తా. రాసుకో. హంపమ్మ మొగుణ్ణి ఇంటికి పంపించు."

ఎస్సై పెన్ను మూత తీశాడు. అతను రాస్తున్నంతసేపూ ఆమె కుడిచేతి బొటనవేలు ముందుకు చాచి, సిరా కోసం కూర్చుంది.