ప్రతిపాదన జె మీద మూడు నిమిషాలు

నాకు మూడు నిమిషాలిచ్చారు. నేను ఇరవై సెకన్లలో ముగించాను.

"నా పేరు లూసియో బెట్టెన్‌కోర్. కరకట్ట పక్కన ముప్పై ఒక్క ఎకరాల బేరితోట కౌలుకి చేస్తున్నాను. చెట్లు మా నాన్న నాటినవి, నేల వేరేవాళ్ళది. ఊరి హద్దు గీత జరిపితే ఆసామి ఇళ్ళ కంపెనీకి అమ్మేస్తాడు. జరపొద్దు."

అంతకన్నా చెప్పడానికేముంది? కానీ మైకు ముందు నుంచి కదల్లేదు. బల్ల చివర గడియారం పట్టుకుని కూర్చున్న అమ్మాయి తలెత్తి చూసింది.

"ఇంకా రెండు నిమిషాల నలభై సెకన్లున్నాయండీ."

"తెలుసు."

"చెప్పాల్సింది ఉంటే చెప్పండి. లేకపోతే కూర్చోవచ్చు."

"చెప్పాల్సింది అయిపోయింది."

"మరి నిలబడ్డారెందుకు?"

"నాకిచ్చిన టైమే కదా. నిలబడి వాడుకుంటున్నా."

వెనక ఎవరో నవ్వారు. కమిటీ పెద్ద ఫెర్న్ హాచెట్ గారు కళ్ళజోడు దించి నన్ను చూసింది. "పోనీలే కారిన్, ఉండనీ. ఈ గదిలో రెండు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా ఉండి ఎన్నేళ్ళయిందో."

కారిన్ చెవులు ఎర్రబడ్డాయి. టైం అయిందని చెప్పే ఎర్ర దీపం వెలిగేదాకా నన్నే చూస్తూ కూర్చుంది, ఇంకెటు చూసినా ఓడిపోయినట్టని అనుకుందేమో. నేనూ ఆమెనే చూశాను. బయట ఏప్రిల్ వాన కిటికీ అద్దాల మీద అడ్డదిడ్డంగా జారుతోంది. దీపం వెలిగింది. థాంక్స్ చెప్పి వచ్చి కూర్చున్నాను.

అది పోర్టర్స్ బెండ్ కౌన్సిల్ వాళ్ళ కమిటీ. ముగ్గురు సభ్యులు. రాష్ట్రంలో వచ్చే బిల్లులూ, ఎన్నికల్లో ఓటుకి వచ్చే ప్రతిపాదనలూ చదివి, వాటి మీద ఊరి మాట ఏమిటో తేల్చడం వాళ్ళ పని. నవంబరులో కౌంటీ అంతా ప్రతిపాదన జె మీద ఓటెయ్యాలి. అది గెలిస్తే ప్రతి ఊరి హద్దు గీతా రెండు మైళ్ళు పొలాల్లోకి జరుగుతుంది. గీత లోపలే ఇళ్ళు కట్టనిస్తారు. మా ఊళ్ళో సగం మంది ప్రతిపాదనలు చదవరు. ఊరు అవునందా కాదందా అని ఎన్నికల ముందు ఇంటికొచ్చే ఓటరు పుస్తకంలో చూసి ఓటేస్తారు. కమిటీ ఏమంటే కౌన్సిల్ అదే అంటుంది. కమిటీకి రిపోర్టు రాసేది కారిన్ ఇనబా.

కాబట్టి నా తోట ఆమె చేతిలో ఉంది. అది నాకు ఆ రోజే తెలుసు.

మే నెలలో ఆమె కౌన్సిల్ ఇచ్చిన సిటీ కారు వేసుకుని తోట చూడ్డానికొచ్చింది. నేను ముందురోజే నీళ్ళు పెట్టాను. కారు ముందు చక్రాలు రెండూ బోదెలోకి దిగిపోయాయి. నిచ్చెన మీద నుంచి చూస్తూనే ఉన్నాను.

"చూస్తూ ఊరుకున్నారా?" కిటికీలోంచి అడిగింది.

"మీరు తిప్పుతారేమో అనుకున్నా."

"ఆగమని అరవొచ్చుగా?"

"పరిచయం లేనివాళ్ళ మీద అరవను."

"పరిచయం లేకేం. రెండు నిమిషాల నలభై సెకన్లు నన్ను గుచ్చి గుచ్చి చూశారు."

ట్రాక్టర్ తెచ్చి లాగాను. లాగినంతసేపూ ఆమె బురదలో చెప్పులు చేత పట్టుకుని ప్రశ్నలడిగింది. ఎకరానికెన్ని చెట్లు? కరకట్ట ఎప్పుడు బాగుచేశారు? తొంభై ఏడులో నీళ్ళు ఎందాకా వచ్చాయి? నేను చెట్టు మొదలు మీద వరద గుర్తు చూపించాను. నా భుజం దాకా ఉంది. ఆమె దాని పక్కన నిలబడి చూసుకుంది. తల మునిగేది.

"ఇక్కడ ఇళ్ళు కడతారా?" అంది, నాతో కాదు, తనలో తను.

అదే రిపోర్టులో రాసింది. వరద, కరకట్ట, నీళ్ళ పైపులకయ్యే ఖర్చు. చివర సిఫారసు: వ్యతిరేకించాలి. మే ఆఖరి మంగళవారం దాన్ని తన పైఅధికారి, ఊరి మేనేజరుకి ఇచ్చేసింది. అప్పటికి మా ఇద్దరి మధ్యా బురద తప్ప ఏమీ లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను. అడిగినవాడు లేడు.

తర్వాతి ఆదివారం తన సొంత కారులో వచ్చింది. బోదె తప్పించి గట్టు మీద ఆపింది.

"మళ్ళీ ఏం కొలవాలి?" అన్నాను.

"ఏమీ లేదు. పని అయిపోయింది. ఊరికే వచ్చాను. వెళ్ళిపోమంటే వెళ్ళిపోతా."

నేను టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాను. మా ఒలిండా అత్త వరండాలోంచి అరిచింది. "ఒరేయ్ మూగోడా, ఆ పిల్లని ఎండలో నిలబెట్టావేంరా? రా అమ్మా, వాడితో మాట్లాడించాలంటే కుదరదు, సూప్ తాగుదువుగాని రా."

అత్త నన్ను పెంచింది. కేల్ ఆకుల సూప్‌లో చొరీసో మాంసం ముక్కలు లెక్కపెట్టి వేసే మనిషి, ఆ రోజు కారిన్ గిన్నెలో గరిటె తిరగేసి వేసింది.

"మీ కమిటీలో ఏం చేస్తారమ్మా?" అడిగింది.

"ప్రతి బిల్లు మీదా నాలుగు మాటల్లో ఒకటి చెప్తారు ఆంటీ. సమర్థిస్తాం. వ్యతిరేకిస్తాం. గమనిస్తూ ఉంటాం. ఏ వైఖరీ లేదు."

"మరి మా వాడి మీదో?"

కారిన్ రొట్టె తుంచుతూ నా వైపు చూడకుండా అంది. "గమనిస్తూ ఉన్నామండీ. ఇంకా సవరణలు కావాలి."

"చాలా కావాలి," అంది అత్త. "ముందు ఆ గడ్డం."

సోమవారం గడ్డం గీసుకున్నాను. అత్త చూసి పొయ్యి వైపు తిరిగి నవ్వుకుంది.

జూన్ మీటింగ్ జరగలేదు. ఒక సభ్యుడు మోకాలి ఆపరేషన్ చేయించుకున్నాడు, ఇంకొకాయన కూతురి పెళ్ళికి వెళ్ళాడు, కోరం లేదు. రిపోర్టు జులైకి వాయిదా పడింది. ఆ వాయిదాలో ఐదు ఆదివారాలున్నాయి. ఆఖరి ఆదివారం కరకట్ట మీద నడుస్తుంటే ఉన్నట్టుండి ఆగింది.

"నేను మేనేజరుకి చెప్పాలి," అంది.

"ఏమని?"

"ఏమనా? నా చెయ్యి వదలవు, మళ్ళీ ఏమనంటావు?"

వదిలేశాను. ఆమె మళ్ళీ పట్టుకుంది.

"ఇప్పుడు చెప్తే రిపోర్టు పక్కన పెట్టేస్తారు. ఇంకొకరికి రాయడానికి టైం లేదు. నీకోసం రాయలేదు నేను. నువ్వెవరో తెలియకపోయినా అదే రాసేదాన్ని. బుధవారం మీటింగ్ అవనీ. గురువారం పొద్దున నేనే వెళ్ళి ఆయన తలుపు తడతాను. నువ్వు మాత్రం మీటింగ్‌కి రావద్దు."

"వింటాను. మాట్లాడను."

"అసలు రావద్దు లూసియో."

"నేను మాట్లాడేవాణ్ణా? నీకు తెలీదా?"

ఆ మాటకి నవ్వింది. నిజమే కదా అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

బుధవారం నాలుగింటికి వెళ్ళి చివరి వరసలో కూర్చున్నాను. నన్ను చూసి కారిన్ కాగితాల్లోకి తల దించుకుంది. తన రిపోర్టు నాలుగు నిమిషాల్లో చదివింది. హాచెట్ గారు తలాడించింది. రెండో సభ్యుడు కూడా. రెండు ఓట్లు వచ్చేసినట్టే.

అప్పుడు ఇళ్ళ కంపెనీ తరఫున గ్రాంట్ ఎల్స్‌వర్త్ అనే అతను మైకు ముందుకొచ్చాడు. ఇస్త్రీ మడత నలగని చొక్కా. గొంతు మెత్తన.

"మిస్ ఇనబా చాలా చక్కగా రాశారు. ఏసీ గదిలో కూర్చుంటే అంతా చక్కగానే కనబడుతుంది. ఒక్కసారి వెళ్ళారు, అదీ సిటీ కారులో, గంటసేపు. ఆ అమ్మాయికి వ్యవసాయం గురించి తెలిసిందెంత? మా ఇంజనీర్లు ఆ నేల మీద ఎనిమిది నెలలు తిరిగారు. ఒక గంట చూసినావిడ మాట మీద వెయ్యి కుటుంబాలకి ఇళ్ళు లేకుండా చేస్తారా?"

కారిన్ బదులు చెప్పకూడదు. సభ్యులు అడిగితేనే ఉద్యోగులు నోరు విప్పాలి. ఎవరూ అడగలేదు. ఆమె పెన్ను మూత తీసింది, పెట్టింది. ముఖంలో ఏమీ లేదు. నాకు తెలుసు, ఏమీ లేనప్పుడే అంతా ఉంటుంది. నేనూ అలాంటివాణ్ణే.

మాట్లాడాలనుకునేవాళ్ళు పేరు రాసిచ్చే కార్డులు నా పక్క కుర్చీలో ఉన్నాయి. ఒకటి తీసుకున్నాను. పేరు రాసేటప్పుడు ఆగి ఆలోచించలేదు. ఆలోచించి ఉంటే బాగుండేది.

"చూసింది," అన్నాను మైకులో. "ఎల్స్‌వర్త్ గారు గంట అన్నారు. గంట కాదు. ఈమె మా తోటలో ప్రతి వరసా నడిచింది. చెప్పులిప్పేసి నడిచింది. మట్టి చేత్తో పట్టుకుని చూసింది. మీ ఇంజనీర్లు కరకట్ట దిగారా? ఈమె దిగింది. ఏ చెట్టుకి ఎండు తెగులుందో చెప్పగలదు. ఆరుసార్లు వచ్చింది. మొన్న ఆదివారం కూడా వచ్చింది. మా అత్త చేతి సూప్ తాగి, చీకటిపడేదాకా…"

అక్కడ ఆగాను.

నా జన్మలో అంత పొడుగు మాట్లాడలేదు. పచ్చ దీపం ఇంకా వెలుగుతోంది.

హాచెట్ గారు రిపోర్టు చివరి పేజీ తిప్పి చూసింది. "ఇక్కడ ఒకసారే రాసుంది." తర్వాత నెమ్మదిగా అంది. "ఆదివారమా?"

ఎల్స్‌వర్త్ కాలు మీద కాలేసుకున్నాడు.

"కారిన్," అంది హాచెట్ గారు. ఆవిడ గొంతులో కోపం లేదు, అదే కష్టంగా ఉంది. "నేను అడగాలి. ఆదివారాలు వెళ్ళింది పని మీదా?"

కాదని అనక్కర్లేదు. అవునంటే చాలు. ఎవరు లెక్క చూస్తారు? నేను మైకు దగ్గర నిలబడి మనసులో ఆమెతో అదే అన్నాను. అవునను. అవునను.

"కాదండీ," అంది కారిన్. "పని మీద కాదు. ఆయన కోసం వెళ్ళాను. రిపోర్టు ఇచ్చేశాక."

నా మీద ప్రేమ ఉందని ఆమె చెప్పడం అదే మొదటిసారి. గదిలో పద్నాలుగు మంది ఉన్నారు. మీటింగ్‌లో ఎవరేమన్నారో మినిట్స్ రాసేది కూడా తనే. చెప్పాక పెన్ను తీసుకుని ఆ మాట రాసుకుంది.

రిపోర్టుని పక్కన పెట్టారు. ఓటరు పుస్తకానికి గడువు వారమే ఉంది, కొత్తది రాయించడానికి వీల్లేదు. ఇద్దరు ఇటు, ఒకరు అటు ఓటేసి తేల్చారు. ప్రతిపాదన జె మీద ఏ వైఖరీ లేదు.

పార్కింగ్ దగ్గర ఆమె నాకోసం ఆగింది. ఆగకపోయినా నేను ఆశ్చర్యపడేవాణ్ణి కాదు.

"రావద్దన్నానా?"

"అన్నావు."

"మాట్లాడనన్నావా?"

"అన్నాను. వాడు నిన్ను అలా అంటుంటే…"

"నన్నంటే నాకు పోయేదేముంది? వారానికి ఇద్దరంటారు. పడటం కూడా నా పనిలో భాగమే. నాకు కోపం రావాలి, నీకెందుకొచ్చింది?"

నేను జేబులోంచి ట్రక్కు తాళాలు తీశాను.

"అంతసేపు మాట్లాడావు కదా అక్కడ. ఇప్పుడు మాట్లాడు."

"నువ్వు అవునని ఉంటే అయిపోయేది," అన్నాను.

ఆమె నన్ను చాలాసేపు చూసింది. మొదటి రోజు చూసినట్టు కాదు.

"అవునను, అవునను అని అక్కడ నిలబడి నన్ను చూశావు. కనబడింది," అంది. "నేను అబద్ధమాడి దొరికితే, నీ చెట్టు మీద వరద గుర్తు కూడా అబద్ధమే అనుకునేవాళ్ళు. అది నీకు తట్టలేదు."

కారెక్కి వెళ్ళిపోయింది.

మేనేజరు ఆమెని కుక్కల లైసెన్సులిచ్చే కౌంటర్లో వేశాడు. సెప్టెంబరులో రాజీనామా చేసి ఉత్తరాన వేరే కౌంటీకి వెళ్ళిందని విన్నాను. నేను వెళ్ళి ఆపలేదు. ఏమిచ్చి ఆపను? అత్త రెండుసార్లు ఫోన్ నా ముందు పెట్టింది. మూడోసారి పెట్టలేదు.

నవంబరులో ప్రతిపాదన జె కౌంటీ మొత్తం మీద రెండు వందల పదకొండు ఓట్ల తేడాతో గెలిచింది. కౌంటీలో మిగతా రెండు ఊళ్ళూ వ్యతిరేకించాలని కౌన్సిల్లో తీర్మానించుకున్నాయి. అక్కడ బాగా ఓడింది. మా ఊళ్ళో గెలిచింది. డిసెంబరులో ఆసామి వచ్చి, కౌలు ఇక లేదని చెప్పి, నా చెయ్యి పట్టుకుని ఊపాడు. మంచివాడే.

జనవరిలో చెట్లు పీకించారు. పెద్ద యంత్రం ఒకటి మొదలు పట్టుకుని ఊపుతుంది, చెట్టు లేస్తుంది. వేర్లతో పాటు నల్లమట్టి. పక్కన ఇంకో యంత్రం దాన్ని నమిలి పొట్టు చేసి లారీలో పోస్తుంది. చెట్టుకి నిమిషం కూడా పట్టదు.

రెండో రోజు మధ్యాహ్నం గట్టు మీద ఆమె కారు ఆగింది. వాన సన్నగా పడుతోంది. దిగి వచ్చి నా పక్కన నిలబడింది. జుట్టు కత్తిరించుకుంది. బాగుందో లేదో చెప్పలేను, కొత్తగా ఉంది.

"అత్త ఎలా ఉంది?"

"స్టాక్‌టన్‌లో చిన్న ఇల్లు తీసుకున్నాం. మెట్లెక్కలేనని తిడుతోంది."

"నువ్వో?"

"నర్సరీలో పని. మొక్కలు అంటుకడతా."

"నేను అక్కడ నీళ్ళ బోర్డులో చేరాను. బిల్లులేవీ లేవు. మీటర్లు చూస్తా."

యంత్రం ఇంకో చెట్టు పట్టుకుంది. మేమిద్దరం చూశాం. అది పడ్డాక నేను అడిగాను. అడగకూడదని నవంబరు నుంచీ అనుకుంటున్నది.

"ఒక్కటి చెప్పు. ఆ రోజు నేను ఇంట్లో ఉండిపోతే, ఊరు కాదని ఉంటే, ఇది ఓడేదా?"

ఆమె యంత్రం వైపే చూస్తోంది. వాన చినుకులు కనురెప్పల మీద ఆగాయి.

మూడు ఊళ్ళలో ఏ బూత్‌లో ఎన్ని పడ్డాయో ఆమెకి నోటికి వచ్చి ఉంటుంది. ఫలితాలు వచ్చిన రాత్రే లెక్క వేసి ఉంటుంది. వెయ్యకుండా ఉండగలిగే మనిషి కాదు.

"తెలీదు లూసియో," అంది. "అలాంటివి ఎవరూ చెప్పలేరు."

"అంతేలే," అన్నాను.

కాసేపు నా చెయ్యి పట్టుకుంది. తర్వాత వదిలి, బురదలో జాగ్రత్తగా అడుగులేసుకుంటూ కారు దగ్గరికి వెళ్ళిపోయింది.