ముందు కొసన కూర్చునేవాడు

"ఇంట్లో ఎంతమంది?"

"ముగ్గురం. అమ్మ, నాన్న, నేను."

"కుక్కలంటే పడనివాళ్లు?"

"నాన్న ఉన్నారండీ."

"మూడింట ఒక వంతు వ్యతిరేకం," అని గొణుక్కుంటూ ఫారంలో రాసుకుంది ఆ అమ్మాయి.

నందివాడ నుంచి బందరు దాకా ఎండలో బండి నడిపినా పట్టని చెమట హేమంత్‌కి ఇప్పుడు పట్టింది. కుక్కను పెంచుకుందామని వచ్చినవాణ్ణి బోనెక్కించి నిలదీస్తోంది. నిలదీయడం ఆమె వృత్తేనని తర్వాత తెలిసింది. పేరు హర్షిణి. బందరు కోర్టులో జూనియర్ లాయరు. పగలు నల్లకోటు వేసుకుని మనుషుల తగాదాలు చూస్తుంది. సాయంత్రం ఈడేపల్లిలో వాళ్లింటి పెరట్లో, రోడ్ల మీద దెబ్బలు తగిలి దొరికిన కుక్కల్ని చూసుకుంటుంది.

"మీకు కోపమొస్తే ఏం చేస్తారు?"

"కుక్క మీదా, మనుషుల మీదా?"

ఆమె నవ్వలేదు. పెన్ను ఆపి సూటిగా చూసింది. ఆ కళ్ల ముందు అబద్ధం ఆడటం కష్టమనిపించి, "చెరువు చుట్టూ ఒక రౌండు నడిచొస్తానండీ," అని ఉన్నదే చెప్పాడు.

"ఎంత చెరువు?"

"ఇరవై ఎకరాలు."

"మంచి అలవాటు. చుట్టుపక్కల పెద్ద చప్పుళ్లేమైనా ఉంటాయా? వీడికి చప్పుడంటే ప్రాణం పోతుంది."

"అబ్బే! చేపల చెరువండీ. చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది."

అవతల పగిలిన సిమెంటు తొట్టిలో ఇరుక్కుని కూర్చుని ఉన్నాడు ఆ 'వీడు'. ఎర్రమట్టి రంగు. ఎడమ చెవి సగమే ఉంది. వెనక కాలు కొంచెం ఈడుస్తాడు. ఆమె "బ్రూనో!" అని పిలిచింది. కనీసం తల కూడా తిప్పలేదు.

"చెవుడా అండీ?"

"కాదు, డాక్టరుకి చూపించాం. పొగరనుకుంటా," అంది. తర్వాత ఆమె గొంతు మెత్తబడింది. "ముగ్గురు తీసుకెళ్లారు. ముగ్గురూ తెచ్చి ఇచ్చేశారు. ఇక్కడ గుంపులో సరిగ్గా తినడు, పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు, చూడండి. మీరు కూడా తెచ్చి ఇచ్చేస్తే ఇంకొకళ్లకి ఇచ్చే ధైర్యం నాకు లేదు. అందుకే ఇన్ని ప్రశ్నలు."

హేమంత్ అక్కడే సగం పడిపోయాడు. కుక్కకా, ఆ గొంతుకా అన్నది అతనికే తేలలేదు.

ఇరవై ఒక్క రోజులు ట్రయల్. రోజూ సాయంత్రం ఆరింటికి వీడియో పంపాలి. ఇవన్నీ స్టాంపు పేపరు మీద రాయించి సంతకం పెట్టించుకుంది.

*

మొదటి రెండు రోజులూ బ్రూనో నీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మూడో రోజు హేమంత్ నాన్న జగన్మోహనరావు గారి కొత్త చెప్పు సగం తిన్నాడు.

"శుభం. ఆకలి మొదలైంది," అని మెసేజ్ పెట్టింది హర్షిణి.

"మా నాన్నగారికి శుభంలా అనిపించట్లేదండీ."

అమ్మ రాజకుమారి గారు మాత్రం కుక్క గడప తొక్కితే ఊరుకోనని గట్టిగా చెప్పి, ఎవరూ చూడకుండా పెరటి వైపు నుంచి ఉడకబెట్టిన గుడ్డు పెట్టడం మొదలుపెట్టింది.

అయితే వాడి తీరే ఎవరికీ అంతుపట్టలేదు. గట్టు మీద షెడ్డులో మెత్తటి పరుపు వేస్తే దాని మొహం చూడలేదు. వెళ్లి తవుడు కలిపే తొట్టిలో కూర్చున్నాడు. దాన్ని కడిగి బోర్లిస్తే, అడ్డంగా కోసిన ప్లాస్టిక్ డ్రమ్ములో కూర్చున్నాడు. అదీ తీసేస్తే చేపలు మోసే ట్రేలో ఎక్కాడు. ఎందులో ఎక్కినా ఒక చివరికి జరిగి, మెడ నిక్కించి, ఎదురుగా ఏదో రాబోతున్నట్టు చూస్తాడు.

"ఇవాళ దేంట్లో?" అని ఆరింటికి ముందే అడగడం మొదలుపెట్టింది హర్షిణి.

"అమ్మ బట్టలు నానబెట్టే టబ్బులో. బట్టలతో సహా."

"చలేస్తుందేమో? లేక భయమా? నాలుగు వైపులా గోడలుంటే ధైర్యమా?"

"ధైర్యం కోసమైతే మూలకి నక్కి కూర్చోవాలి కదండీ. వీడు బస్సులో ముందు సీటు దొరికినవాడిలా కూర్చుంటాడు."

ఆమె ఫోన్లో పకపకా నవ్వింది. నవ్వడం వచ్చన్నమాట, అనుకున్నాడు హేమంత్. మర్నాటి నుంచి వీడియో ఒక నిమిషం, దాని మీద చర్చ ముప్పావు గంట. బీటెక్ చదివి చెరువు మీదికి వచ్చేశాక అతను మనిషితో అంతసేపు మాట్లాడటం అదే మొదలు.

ఏడో రోజు వీడియో మధ్యలో 'ఢాం' మంది. బ్రూనో ఎగిరిపడి షెడ్డులోకి దూరిపోయాడు. వెంటనే ఫోన్ మోగింది.

"ఆ చప్పుడేంటి?"

"ఏ చప్పుడండీ?"

"బాంబు పేలినట్టు వినపడింది హేమంత్ గారూ!"

"ఓ, అదా! టపాకాయ. నీటికాకులు ఇవాళే వాలాయి. పిల్ల చేపల్ని తినేస్తాయి కదా, అవి పోయేదాకా గంటకొకటి కాలుస్తాం. అది చప్పుడేంటండీ..." అంటూనే నాలిక కరుచుకున్నాడు.

పుట్టినప్పటి నుంచీ గట్టు మీద ఆ మోత వింటూ పెరిగినవాడు. వాళ్ల ఊళ్లో అది చప్పుళ్ల జాబితాలోకే రాదు. ఆమె అడిగిన రోజున అతను అబద్ధం చెప్పలేదు, నిజంగానే గుర్తుకు రాలేదు. ఇదంతా వివరించబోయాడు.

"చాలు," అంది హర్షిణి. "పొరపాటో, మాయో నాకు అనవసరం. ఆదివారం వచ్చి వాణ్ణి తీసుకెళ్తాను."

*

ఆ క్షణం నుంచి హేమంత్ టపాకాయలు ఆపేశాడు. కబురు అందినట్టు చుట్టుపక్కల నీటికాకులన్నీ ఆ చెరువు మీదే వాలాయి.

"అవి మన చేపలు తింటుంటే నువ్వు కుక్కకి జోలపాడు," అన్నారు జగన్మోహనరావు గారు. "ఆదివారం దాకా చూస్తాను. తర్వాత కుక్కో, చేపలో తేల్చుకో."

ఆదివారం పొద్దున్నే గుడివాడ బస్టాండులో దిగింది హర్షిణి. సన్నగా చినుకులు. గొడుగు తీసుకుని ఎదురెళ్లినవాణ్ణి పక్కకి జరిపి, తడుస్తూనే వచ్చి వాళ్ల ట్రాలీ ఆటోలో కూర్చుంది.

గట్టు మీద బ్రూనో ఆమెను చూసి తోక ఊపాడు కానీ డ్రమ్ములోంచి దిగలేదు. వారం రోజుల్లో ఒళ్లు చేశాడు. ఆమె వంగి వాడి పక్కటెముకల మీద చెయ్యేసి చాలాసేపు నిమిరింది.

"తింటున్నాడే!"

"తింటున్నాడండీ. ఈ చెరువు వాడికి నచ్చింది. టపాకాయలు ఆపేశాను. ఇంకేం దారుందో వెతుకుతాను. కానీ తీసుకెళ్లే ముందు ఒక్క మాట చెప్పండి. వీడు ఎందుకిలా కూర్చుంటాడో తెలుసుకోవాలని లేదా మీకు?"

లాయరు మనసు అక్కడ చిక్కుకుంది. ఉంది. రాత్రిళ్లు నిద్ర పట్టనంత ఉంది.

"వీణ్ణి మీకు ఎవరిచ్చారు?"

"మహాలక్ష్మి అని ఒకామె. వీడి కాలు విరిగి నెత్తురోడుతుంటే గంపలో పెట్టుకుని దివిసీమ నుంచి బస్సులో తెచ్చింది. నాగాయలంక దాటాక ఏదో పల్లె. కాగితం మీద ఊరి పేరుంది."

"అసలు వీడి కథేంటని అడగలేదా?"

హర్షిణి తల దించుకుంది. "పెంచలేనప్పుడు ఎందుకు చేరదీశావని అరిచాను. ఆమె గంప తీసుకుని వెళ్లిపోయింది."

పది నిమిషాల్లో ట్రాలీ ఆటో బయల్దేరింది. పామర్రు, చల్లపల్లి, అవనిగడ్డ. వెనక చేపల ట్రేలో ముందు చివరికి జరిగి, గాలికి సగం చెవి రెపరెపలాడిస్తూ బ్రూనో కూర్చున్నాడు. అద్దంలో వాణ్ణి చూడబోయిన ప్రతిసారీ హేమంత్‌కి ఆమె కళ్లు ఎదురయ్యాయి. రెండుసార్లు అనుకోకుండా, మూడోసారి కాస్త అనుకునే.

*

పల్లెలో ఇళ్ల ముందు పట్టల మీద చేపలు ఎండబెడుతున్నారు. ఒక నడివయసామె చెయ్యి అడ్డం పెట్టుకుని ఆటో వైపు చూసి, చేతిలో చాట కింద పడేసింది.

"ఒరే సరంగూ!"

బ్రూనో అని ఎన్నిసార్లు పిలిచినా తల తిప్పనివాడు ఒక్క గెంతు గెంతాడు. ఈడుస్తున్న కాలు సంగతే మర్చిపోయాడు. ఆమె మీద పడి, చుట్టూ తిరిగి, గుడిసె అరుగు మీద కూర్చున్న ఆమె భర్త మాణిక్యం ఒళ్లోకి దూకి కుయ్యో మొర్రో అన్నాడు.

"ఆడు మా పడవలోనే పుట్టాడమ్మా," అంది మహాలక్ష్మి కళ్లు తుడుచుకుంటూ. "పడవ నడిపేవోణ్ణి సరంగంటారు గదా, మా ఆయన ఆ పేరే పెట్టాడు. ఏటకెళ్తే మొదట ఎక్కేది ఈడే. ముందు కొసన కూకునేవోడు. వలలో చేప మీద పిట్టని వాలనిచ్చేవోడు కాదు."

హేమంత్, హర్షిణి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తొట్టి, డ్రమ్ము, ట్రే, టబ్బు. దొరికిన ప్రతిదాన్నీ పడవ చేసుకున్నాడు వాడు!

"మా ఆయనకి నడుం పడిపోయింది. పడవ అమ్మేశాం. అది పోయాక కూడా రోజూ రేవు కాడికెళ్లి కూకునేవోడు. ఓ రోజు ఏదో పడవని ట్రాక్టరు మీద తీసుకెళ్తంటే మాదే అనుకున్నాడేమో, ఎనకాల పడి రోడ్డెక్కాడు. లారీ కొట్టింది."

హర్షిణి ముందుకెళ్లి ఆమె చేతులు పట్టుకుంది. "ఆ రోజు మిమ్మల్ని అనరాని మాటలన్నాను. క్షమించండమ్మా."

"నువ్వు అరిసినా ఆణ్ణి బతికించావు గదమ్మా."

వాడి ఇల్లు ఇది. వాడి మనుషులు వీళ్లు. హేమంత్ అడగాల్సింది అడిగేశాడు. "వీణ్ణి మీరే ఉంచుకుంటారా బాబాయ్?"

మాణిక్యం కుక్క మెడ నిమిరాడు. "నీకు పడవుందా బాబూ?"

"చెరువులో మేత వేసే పడవుంది. చిన్నది."

"నాకు అది కూడా లేదు. ఇక్కడుంటే మళ్లీ రేవుకే పోతాడు, మళ్లీ రోడ్డెక్కుతాడు." నడుం పట్టుకుని లేచాడు. తనే ఎత్తుకెళ్లి ట్రేలో కూర్చోబెట్టాడు. "ముందు కొసన కూకోబెట్టు. ఎనక కూకోడు," అని చెప్పి, ఆటో కదిలేదాకా ఉండకుండా లోపలికి వెళ్లిపోయాడు.

అవనిగడ్డ దాటాక వాన జోరందుకుంది. హర్షిణి ఏడుస్తూనే ఉంది. హేమంత్ ఆటోని టీకొట్టు పక్కన ఆపాడు.

"వదులుకునేవాళ్లంతా ప్రేమ లేనివాళ్లే అనుకునేదాన్ని," అందామె. "మిమ్మల్ని కూడా అడక్కుండానే దోషిని చేశాను. సారీ హేమంత్ గారూ."

"టీ తాగండి. చల్లారిపోతుంది," అన్నాడు. ఇంకా చాలా చెప్పాలనిపించింది. లేచి టీ డబ్బులిచ్చి ఆటో స్టార్ట్ చేశాడు.

*

మర్నాడు తెల్లవారగానే సరంగు మేత పడవ ముందు కొసన ఎక్కి కూర్చున్నాడు. హేమంత్ గెడతో పడవ నెట్టాడో లేదో, వాడు ఒక్క మొరుగు మొరిగాడు. నీటికాకుల గుంపంతా లేచి పోయింది. పూటకు నాలుగు రౌండ్లు పడవ తిప్పితే చాలు, పిట్ట వాలడం మానేసింది. జగన్మోహనరావు గారు వారం రోజులు గట్టు మీంచి చూసి, మిగిలిన టపాకాయల పెట్టె తనే తీసుకెళ్లి అటకెక్కించారు.

ఇరవై ఒకటో రోజు హర్షిణి వచ్చింది. కాగితాల మీద చివరి సంతకాలైపోయాయి. సరంగు ఇక తిరిగి ఈడేపల్లి వెళ్లడు, ఇక్కడివాడైపోయాడు. రాజకుమారి గారు ఆమెకు బొట్టు పెట్టి, మధ్యాహ్నం భోంచేస్తేగానీ కదలడానికి వీల్లేదంది. ఈలోగా పడవెక్కి చూస్తారా అని హేమంత్ అడిగాడు. జన్మలో పడవెక్కని పిల్ల, రెండు అంచులూ గట్టిగా పట్టుకుని మధ్యలో కూర్చుంది.

చెరువు నడిమధ్యకి వచ్చాక హేమంత్ గెడ ఆపాడు.

"ఇంక మీరు రావలసిన పని లేదు కదండీ?"

"కుక్క కోసమైతే లేదు."

"మరి?"

ఆమె అతని వైపే చూస్తూ చెప్పింది. "నాకు మీరు నచ్చారు. మీ ఫోన్ రాకపోతే నాకు పొద్దుపోవట్లేదు. అందుకు వస్తాను. రావద్దంటే ఇప్పుడే చెప్పండి."

"రావద్దనా!" అన్నాడు హేమంత్. చేతిలోంచి గెడ జారి నీళ్లలో పడింది. "టీకొట్టు దగ్గర నేనే చెప్పాలనుకున్నానండీ. నాకు ధైర్యం చాలలేదు."

గెడ తేలుతూ దూరంగా పోయింది. ఇద్దరూ చేతుల్తో నీళ్లు తోస్తూ, నవ్వుతూ, ఉన్న చోటే గుండ్రంగా తిరుగుతున్నారు. సరంగు వెనక్కి తిరిగి, ఇలాంటి పడవ నడపడం ఎక్కడా చూడలేదన్నట్టు చూశాడు.

గట్టు మీద జగన్మోహనరావు గారు లేచి నిలబడ్డారు. ఆ పక్కన రాజకుమారి గారు ఆయన మోచేతిని పొడుస్తోంది. ఆయన గొంతు సవరించుకుని చేతులు నోటి దగ్గర పెట్టుకున్నారు.

"అమ్మాయ్! మీ నాన్నగారి ఫోన్ నంబరు ఓసారి చెప్పమ్మా!"

"ఎందుకండీ?" అని అరిచింది హర్షిణి.

"ఏం లేదు! ఓసారి మా చెరువు చూడ్డానికి రమ్మందామని!"

హేమంత్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. హర్షిణి పడవ అంచు వదిలేసి నిటారుగా కూర్చుంది. తర్వాత నీళ్ల మీదుగా వినపడేలా ఒక్కొక్క అంకే అరిచి చెప్పసాగింది. గట్టు మీద ఆయన ఒక్కొక్కటీ తిరిగి అరుస్తూ ఫోన్లో కొట్టుకుంటున్నారు. తొమ్మిది అంకెలయ్యాక ఆమె ఆగి హేమంత్ వైపు చూసింది. అతను ఊపిరి బిగబట్టాడు.

ఆమె నవ్వి పదోది కూడా చెప్పేసింది.