అమ్మకానికి లేని ఇంజిన్

“ఉదయగిరి కొండ మీద మంచు పడినాదంట.”

1994 ఏప్రిల్. ఆత్మకూరు బస్ డిపో ఎదుట నిప్పులు చెరిగే ఎండలో సోడా కొట్టే మనిషి ఆ మాట అనగానే, ఏజెంట్ మల్లికార్జున గ్లాసు కిందపెట్టాడు.

“మర్రిపాడులో గూడా పడతా ఉండాది.”

కోడ్ సరిపోయింది. సోడా మనిషి తలగుడ్డ కింద ఉన్నది చీఫ్ రాజమోహన్.

“సైంటిస్ట్ ఎడ్విన్‌ది ఈ ఊరే. విదేశాలు మనకు అమ్మేది లేదని మొండికేసిన రాకెట్ ఇంజిన్‌ను తయారు చేస్తా ఉండాడు. ఇప్పుడు స్విట్జర్లాండ్ కాన్ఫరెన్స్‌లో ఉండాడు. అక్కడ ఒక ముఠా ఆయన్ని సరిహద్దు దాటించాలని చూస్తా ఉంది. ఆయన పోతే ఇంజిన్ పోయినట్టే. ఢిల్లీవాళ్ళు సుకుమారి అనే ఏజెంట్‌ను ముందే పంపినారు. వింజమూరు బాప్టిస్టుల బిడ్డ. నువ్వు పోయి ఆమెతో కలువు.”

“సార్, నేను మంచును ఫ్రిజ్‌లో తప్ప చూళ్ళేదు.”

“అక్కడా తెల్లగానే ఉంటాదిలే. పో.”

ఆ వారంలోనే మల్లికార్జున బట్టల వ్యాపారి వేషంలో ఆల్ప్స్ శిఖరాల నడుమ నిలబడి ఉన్నాడు. కాన్ఫరెన్స్ అతిథులకు గైడెడ్ స్నోమొబైల్ టూర్. మంచుపై పరుగెత్తే ఆ మోటారు బళ్ళు వరుసగా గుర్రుమంటున్నాయి. తన జాడ దాటి ఎవరూ పోరాదని గైడ్ హెచ్చరించాడు. ఎర్రటి స్నోసూట్‌లో మెరిసిపోతున్న సుకుమారి నడిపే బండి వెనుక సీటులో ఎడ్విన్ కూర్చున్నాడు.

“ప్రార్థన చేసుకోని కదుల్దాం,” అంటూ ఆయన హెల్మెట్ తీసి కళ్ళు మూసుకున్నాడు. సుకుమారి కూడా హెల్మెట్ తీసి, జుట్టు గాలికి వదిలి, తల వంచింది.

మల్లికార్జున కళ్ళు మూసుకోలేదు. అతడు ఉదయగిరి మిషన్ బడిలో చదివినవాడు. ప్రార్థన అనగానే మగవాళ్ళు తలపాగా తీయడం, ఆడవాళ్ళ చేతులు తమకు తెలియకుండానే కొంగును నెత్తిమీదికి లాగడం ఏళ్ళ తరబడి చూశాడు. కొంగు లేని పిల్లలు చేతిరుమాలైనా కప్పుకునేవారు. నెత్తిన ఉన్నదాన్ని తీసి ప్రార్థించే ఈమె వింజమూరు బిడ్డ కాదు. ఢిల్లీ నమ్మిన ఏజెంట్ ముఠా మనిషి!

సుకుమారి ఒక కన్ను తెరిచింది. అతని చూపు చదివింది. ‘ఆమెన్’ పూర్తికాకముందే ఆమె బండి జాడ తప్పి దూకింది.

మల్లికార్జున వాచ్‌లోని ట్రాన్స్‌మిటర్ నొక్కాడు. చలికి అది మూగబోయింది. గైడ్ కేకలను లెక్కచేయక, నడపడం నేర్వని తన బండిని వాలు మీదికి దూకించాడు. ఎదురుగా సరిహద్దు స్తంభం. దాని అవతల ఓవర్‌కోట్లలో ఇద్దరు. అతడు పక్కకు చేరగానే సుకుమారి పిస్టల్ ఎత్తింది.

“అన్నా, ఆమె మన మనిషి గాదు! చేతి తాడు పీకు!” అని మల్లికార్జున ఎడ్విన్‌కు వినబడేలా అరిచాడు.

నడిపేవారు పడిపోతే ఇంజిన్ ఆగేందుకు వారి మణికట్టుకు కట్టే తాడది. ఎడ్విన్ ముందుకు వంగి ఒక్క గుంజు గుంజాడు. ఇంజిన్ ఆగింది. కుదుపుకు పిస్టల్ ఆమె చేజారి మంచులో కూరుకుపోయింది. బండి ముక్కు స్తంభానికి జానెడు దూరంలో నిలిచింది.

“ఒక్క అడుగు, డాక్టర్,” అన్నాడు ఓవర్‌కోటు మనిషి ఇంగ్లీషులో. “మీ పేరిట లాబొరేటరీ. కోరిన జీతం.”

ఎడ్విన్ తెలుగులోనే గర్జించాడు. “ఇంజిన్ అమ్మేది లేదన్నోళ్ళు మనిషిని కొనేదానికి వచ్చినారా? మాది మేమే చేసుకుంటాం, పోండయ్యా!”

భాష తెలియకపోయినా ఆ గొంతు వారికి అర్థమైంది. టూర్ బళ్ళన్నీ అటే రావడం చూసి ఇద్దరూ వెనుదిరిగారు.

మల్లికార్జున ఆ తాడుతోనే సుకుమారి చేతులు కట్టి తిరిగి చూసేసరికి, ఎడ్విన్ బండి ఇంజిన్ మూత ఎత్తి లోపలికి తొంగి చూస్తున్నాడు.

“ఏందన్నా ఆ పని? పోదాం రా!”

“ఉండు అబ్బాయ్. వాళ్ళు మన ఇంజిన్ చూడాలనుకున్నారు గదా. వాళ్ళది మనం రోంత చూసి పోదాం.”