లైటబ్బాయి నోరు విప్పిన రోజు

"అదిగో! ఎడంవైపు! ఆ మడత పక్కన!"

కేక వినగానే డాక్టరమ్మ చేతిలో కెమెరా గొట్టం ఆగిపోయింది. తెర మీద పేషెంటు పెద్దపేగు ఎర్రగా మెరుస్తోంది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. గోడకు ఆనుకుని ఎవరో కొత్త మనిషి, ఎత్తిన వేలు ఎత్తినట్టే ఉంచి నిలబడ్డాడు.

"ఎవరండీ మీరు?"

"ఇంజనీరునండి. కొత్త లైటు తయారుచేసింది నేనే," అన్నాడు సంబరంగా.

"ఇప్పుడు వేసింది మీ లైటు కాదు, పాత తెల్ల లైటు. చూడాల్సింది నేనొక్కదాన్నే. పక్కనుంచి మీరు చూపిస్తే ఏ లైటు మంచిదో ఎలా తేలుతుంది? ఈ కేసు లెక్కలోంచి పోయింది. ఇంకోసారి నోరు విప్పారో, ఈ గది గడప తొక్కనివ్వను!"

ముందు ముందు కేన్సర్‌గా మారగల చిన్న చిన్న పాలిప్‌లను, అంటే పేగు లోపలి బుడిపెలను, ఏ లైటు ఎక్కువ పట్టిస్తుందో చూడ్డానికే ఈ ట్రయల్, ఈ పరీక్షలన్నీ. ఎవరికి ఏ లైటు వెయ్యాలో కంప్యూటరు చెబుతుంది. అందులో ఎవరి ఇష్టానికీ చోటు లేదు.

మర్నాడు అతను మూతికి రెండు మాస్కులు పెట్టుకొచ్చాడు.

"రెండోది ఎందుకు?" అంది డాక్టరమ్మ.

"మొదటిది క్రిములకి. రెండోది నా నోటికి."

నర్సులు పగలబడి నవ్వారు. ఆ రోజు నుంచి అతనికి లైటబ్బాయి అన్న పేరు ఖాయమైంది.

గదిలో కిక్కురుమనేవాడు కాదు. ఆ కసంతా క్యాంటీన్లో తీర్చుకునేవాడు. తన కొత్త లైటు నీలం వెలుగులో రక్తనాళాలు ఎలా తేలతాయో కాఫీ చల్లారేదాకా చెప్పేవాడు.

"లోపల నోరు కట్టేశానని బయట నా చెవులు తినేస్తున్నారు," అనేది ఆమె. అతను రాని రోజున మాత్రం క్యాంటీన్ గుమ్మం వైపు పదేపదే చూసేది. ఆ సంగతి తనకే నచ్చేది కాదు.

ఒక సాయంత్రం వాన పట్టుకుంది. ఇద్దరూ పోర్టికోలో చిక్కుకుపోయారు.

"మీకొకటి చెప్పాలి," అన్నాడు.

"చెప్పండి."

"నోరు విప్పొద్దన్నారుగా?"

"అది గదిలో."

"గదిలోనే నయం. ఇక్కడ ఇంకా భయంగా ఉంది."

ఆమె నవ్వు దాచుకోవడానికి వాన వైపు తిరిగింది. అంతలో అంబులెన్సు వచ్చి నిలిచింది. ఆ మాట అక్కడే ఆగిపోయింది.

తర్వాతి వారం డాక్టరమ్మ వాళ్ళ నాన్న పరీక్షకు ఒప్పుకున్నాడు. ఎన్నాళ్ళుగానో బతిమాలితే ఒప్పుకున్న మనిషి. సర్వీసంతా బస్సు నడిపి రిటైరయ్యాడు. ట్రయల్లో చేరతానని తనే సంతకం పెట్టాడు. కంప్యూటరు ఆయనకు పాత లైటు ఇచ్చింది.

ఆ సంగతి తెలియగానే ఆమె గదిలోంచి బయటికొచ్చింది. కారిడార్లో లైటబ్బాయిని ఆపింది.

"నాన్నకి మాత్రం... కొత్తది వెయ్యలేమా?" అనేసి సిగ్గుతో తల దించుకుంది.

అతను వేళాకోళం చెయ్యలేదు. "ట్రయల్ నుంచి తప్పుకుంటానంటే వేస్తారు. ఆయన్నడగండి."

"మాటిచ్చాక వెనక్కి తీసుకుంటానా?" అన్నాడు నాన్న. మత్తు కూడా వద్దన్నాడు. "బండి కదులుతుంటే డ్రైవరు నిద్రపోతాడా?"

సొంత మనిషికి తను చెయ్యకూడదు కాబట్టి పెద్ద డాక్టరు గొట్టం పట్టుకున్నాడు. ఆమె తలాపు దగ్గర నాన్న చెయ్యి పట్టుకుని నిలబడింది. తెర వైపు చూసే ధైర్యం లేదు. లైటబ్బాయి ఎప్పటిలాగే గోడ పక్కన, రెండు మాస్కులతో ఉన్నాడు.

"ఇక వెనక్కి తీస్తూ చూస్తాను," అన్నాడు పెద్ద డాక్టరు.

"అసలు డ్రైవింగు రివర్సులోనే ఉంది సార్, నిదానంగా," అని నాన్న పడుకునే సలహా ఇచ్చాడు.

గొట్టం మెల్లగా వెనక్కి వస్తోంది.

"ఆపండి!"

పెద్ద డాక్టరు చెయ్యి ఆగింది. లైటబ్బాయి రెండు మాస్కులూ కిందికి లాగేశాడు. "డాక్టరు గారూ, దాటిపోయారు. ఆ మడత వెనక. చదునైన పాలిప్ ఉంది, చూడండి."

గొట్టం మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆమె నాన్న చేతిని గట్టిగా పట్టుకుంది.

"ఉంది," అన్నాడు పెద్ద డాక్టరు. "నేను చూళ్ళేదు. వదిలేసి ఉంటే కొన్నేళ్ళలో ప్రాణం మీదికొచ్చేది." తీసేశాక నిట్టూర్చాడు. "ఈ కేసు కూడా లెక్కలోకి రాదు."

ఆమె తలెత్తేసరికి గోడ పక్కన ఎవరూ లేరు.

కారిడార్లో పరుగులాంటి నడకతో అతన్ని అందుకుంది.

"మీరు వెళ్ళగొట్టేలోపు నేనే పోతున్నానండి. రూలు రూలే," అన్నాడు.

"ఆ రూలు మీరు పాటించి ఉంటే..." ఆమె కళ్ళు తుడుచుకుంది. "వానలో ఏదో చెప్పాలన్నారు. ఇప్పుడు చెప్పండి. గది బయటే ఉన్నాం."

కాఫీ చల్లారేదాకా మాట్లాడేవాడు మొదటి మాస్కు మళ్ళీ మూతి మీదికి లాక్కున్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

అప్పుడే స్ట్రెచర్ మీద నాన్న వచ్చాడు.

"అమ్మాయీ, సరైన చోట 'ఆపండి' అని కేకేసే కండక్టరు దొరకడం ఎంత కష్టమో నాకు తెలుసు. ఇతన్ని దింపెయ్యకు. నా లోపల సంగతులన్నీ చూసేశాడు, ఇక నేను దాచేదీ లేదు."

నర్సులు కిసుక్కున నవ్వారు. ఆమె అతని మెడలో వేలాడుతున్న రెండో మాస్కు తీసి జేబులో వేసుకుంది.

"చెప్పినమాట చెప్పినట్టే. రేపట్నుంచి ఆ గది గడప తొక్కడానికి వీల్లేదు," అంది. ఆ తర్వాత గొంతు తగ్గించింది. "ఆదివారం మా ఇంటి గడప తొక్కండి. అక్కడ ఎంతైనా మాట్లాడొచ్చు."