గ్రహణం వేళ వచ్చిన జవాబు

నా పేరు రాధాకృష్ణమూర్తి. సొంతూరు గుడివాడ. ఉద్యోగం హైదరాబాదులో, ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాగిరీ. ఉప్పుగూడ స్టేషన్ వెనకాల మేడమీద వాటా ఒకటి అద్దెకు తీసుకుని నేనూ, మా ఆవిడ కమలకుమారీ ఉండేవాళ్ళం. నాకో పిచ్చి ఉండేది, హామ్ రేడియో. లైసెన్సు తీసుకుని, ఇంట్లోనే ట్రాన్స్‌మిటర్ పెట్టుకుని, ముక్కూమొహం తెలియని వాళ్ళతో, చుక్కలూ గీతల మోర్స్ కోడ్‌లో టకటకా కబుర్లు చెప్పడం. కమల దాన్ని నా రెండో సంసారం అనేది.

ఆ విద్య నాకు నేర్పింది దబీర్‌పురాలో ఉండే శ్రీహరిరావు మాస్టారు, రిటైరైన టెలిగ్రాఫ్ ఉద్యోగి. విద్యతో పాటు మర్యాదలూ నేర్పారు. ఎవరైనా పలికితే ముందు వాళ్ళ సిగ్నల్ ఎలా అందుతోందో చెప్పాలి. తర్వాత మన పేరు, ఊరు. పక్కన ఇంకెవరైనా కూర్చుని ఉంటే వాళ్ళ పేరు కూడా చెప్పి పరిచయం చెయ్యాలి. చెప్పకుండా దాచడం దొంగతనంతో సమానమనేవారు మాస్టారు.

1980 ఫిబ్రవరి పదహారు, శనివారం. మధ్యాహ్నం సూర్యగ్రహణం. రేడియోలో సూర్యుడి వల్ల వచ్చే రొద తగ్గే ఆ కాసేపట్లో యాంటెన్నా నేరుగా అటే తిప్పి పిలిస్తే, ఆకాశంలో ఎక్కడో ఉన్న తెలివైనవాళ్ళు వింటారేమోనని నాకు ఆశ. ఫలక్‌నుమాలో రేడియోలు బాగుచేసే వైకుంఠాన్ని సాయం రమ్మన్నాను. గ్రహణం పూట గడప దాటొద్దని వాళ్ళమ్మ ఎంత మొత్తుకున్నా వచ్చాడు. వచ్చాడు గానీ మనసు లేదు.

"మూర్తిసాబ్, గట్ల పిలువుడు మంచిది గాదు. ఆడ ఎవడుంటడో మనకేమెరుక?"

"అంత దూరం నుంచి పలకగలిగినవాళ్ళు మనకంటే ఎంత తెలివైనవాళ్ళయి ఉండాలి! తెలివి పెరిగితే దయ కూడా పెరుగుతుందయ్యా."

"గోలకొండ మీదికి ఫిరంగులేసుకొని వచ్చినోళ్ళు తెలివి తక్కువోళ్ళా సాబ్?"

నవ్వేశాను. ఇప్పటికీ ఆ నవ్వు గుర్తొస్తే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మూడున్నరకి వీధి ఖాళీ. తలుపులన్నీ బిగించేశారు. కమల లోపలి గదిలోకి పోయి గడియ పెట్టుకుంది. ఎండ రంగు మారింది, పాత ఇత్తడి గిన్నెలా అయింది. కాకులు అరవడం మానేశాయి. కింద ఎవరింట్లోనో సాంబ్రాణి వేశారు. ఆ వాసన మెట్లెక్కి మా గదిలోకి వచ్చింది. రేడియోలో ఎప్పుడూ ఉండే గరగర మెల్లమెల్లగా సన్నగిల్లి, చివరికి ఆగిపోయింది. అంత నిశ్శబ్దం ఆ పెట్టెలో నేనెన్నడూ వినలేదు.

పిలిచాను. మూడుసార్లు పిలిచి, మీట మీంచి చెయ్యి తీశాను.

జవాబు వచ్చింది.

నా పిలుపే తిరిగొచ్చింది. మోర్స్ కొట్టడంలో ఎవరి చేతివాటం వాళ్ళది. రెండో గీత కొంచెం లాగడం నా అలవాటు. అచ్చం అలాగే లాగి కొట్టింది అది. నా ఒళ్ళు పులకరించింది. భయంతో కాదు, సంతోషంతో! ఎంత వెర్రివాణ్ణో చూడండి. సిగ్నల్ దివ్యంగా ఉందని కొట్టాను. నా పేరు కొట్టాను. ఉప్పుగూడ అని కొట్టాను. మీరెక్కడ అని అడిగాను.

తర్వాత నిదానంగా, ఇంగ్లీషులో...

"దూరం."

మళ్ళీ కొట్టింది...

"ఇప్పుడు దూరం కాదు."

కిటికీ బయట చీకటి పడిపోయింది. గదిలో కాలిన ఇనుము వాసన.

"బంద్ చేయి సాబ్," వైకుంఠం గుసగుసగా అన్నాడు. "నీ కాళ్ళు మొక్కుతా... బంద్ చేయి."

అది అడిగింది. "ఇంకెవరు?"

అలవాటైన చెయ్యి. మాస్టారు నేర్పిన మర్యాద. ఆలోచించే లోపే కొట్టేసింది... వైకుంఠం.

బల్లమీద ఉన్న అతని చూపుడువేలు దానంతట అదే పైకి లేచింది. వెనక్కి వంగింది. ఇంకా వంగింది. పుటుక్కుమంది.

వైకుంఠం కేక పెట్టాడు. రెండో వేలు. మూడోది. ఒకటొకటే, తొందర లేకుండా. నేను అతని చెయ్యి పట్టుకుని లాగాను. అవతల నుంచి లాగుతున్న బలం ముందు నేను చీమనైపోయాను. అతను నేల మీంచి లేచాడు. వీపు వెళ్ళి పైకప్పుకి కొట్టుకుంది. ఒకసారి... రెండుసార్లు... సున్నం పెళ్ళలు రాలాయి. నా మొహం మీద నెత్తురు వెచ్చగా పడింది. తర్వాత గాల్లోనే, తడి తువ్వాలు పిండినట్టు, నడుము దగ్గర మెలితిప్పింది అతన్ని. ఎముకలు విరిగిన చప్పుడు విన్నాను. కేక మధ్యలో తెగింది. అతను ధబ్బున బల్లమీద పడ్డాడు. కళ్ళు నా వైపే తెరిచి ఉన్నాయి.

రేడియో మామూలుగా కొట్టింది. "ఇంకెవరు?"

లోపలి గదిలోంచి కమల గొంతు. "ఏమండీ... ఏమిటా చప్పుడు? నేను రానా?"

వద్దని అరవబోయాను. అది వింటుందని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. తలుపు చెక్కల సందులోంచి ఆమె గది గడియ కదలడం కనిపించింది. ఆమె తియ్యడం కాదు, ఆమె గొంతు గదికి అవతలి మూలనుంచి వస్తోంది. గడియ కొంచెం కొంచెంగా జరుగుతోంది...

ఎవరో ఉన్నారని దానికి తెలిసింది. పేరు తెలియదు. పేరు కోసం ఆగింది.

"ఇంకెవరు?"

వైరు పీకేశాను. అయినా కొడుతూనే ఉంది. గడియ సగం జరిగింది. "ఎవరండీ తలుపు తీస్తున్నది?" కమల ఏడుపు గొంతు. నాకు కమల కావాలి. ఆ క్షణంలో లోకమంతా ఒకవైపు, కమల ఒకవైపు. నెత్తుటి చేత్తో మీట పట్టుకుని కొట్టాను. శ్రీహరిరావు. దబీర్‌పురా.

గడియ ఆగింది.

వెలుగు వచ్చింది. కాకులు అరిచాయి. చీకటి ఉన్నది రెండు నిమిషాలేనని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

వైకుంఠం చావుకి కారణం పోలీసులకి అంతుపట్టలేదు. మాస్టారు పూజగదిలో శవమై దొరికారట. వేళ్ళన్నీ వెనక్కి తిరిగి ఉన్నాయట. నేను చూడటానికి వెళ్ళలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్తాను?

రేడియోని సుత్తితో పచ్చడి చేశాను. ఇల్లు మారాం, ఫలక్‌నుమాలో ఒక గల్లీకి. ఆ రోజు నుంచి కమలని నేను పేరు పెట్టి పిలవలేదు. "ఇదిగో", "ఏమోయ్", అంతే. "ఒకప్పుడు రోజుకి వందసార్లు కమలా అనేవారు, నా మీద ప్రేమ పోయిందా?" అని ఒకరోజు కన్నీళ్ళు పెట్టుకుంది. ఉన్న ప్రేమంతా ఆ పలక్కపోవడమేనని ఎలా చెప్పను? ఆ పేరు నా నోరు దాటనంతకాలం ఆమె బతికి ఉంటుందని నమ్మాను.

ఏడాది తిరిగింది. జనాభా లెక్కలు వచ్చాయి. ఒక పొద్దున పదింటికి టీచరమ్మ ఒకామె సంచీ తగిలించుకుని మా తలుపు కొట్టింది. నా పేరు చెప్పాను.

"ఇంట్ల ఇంకెవరున్నరు సార్?"

తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. "ఎవరూ లేరు. నేనొక్కణ్ణే."

ఆమె ఫక్కున నవ్వింది. "గిట్ల అబద్ధాలాడ్తరేంది సార్? కమలకుమారి గదా మీ భార్య? రాసుకున్న."

"ఎవరు... ఎవరు చెప్పారు?"

"గా మెట్ల మీద కూసున్న పెద్దాయన. మీకు సదువు జెప్పిండంట. పాపం, చేతులు మస్తు దెబ్బతిన్నయి, కలం గూడ పట్టరాదు." కాగితాలు తిరగేసింది. "గల్లీ మొత్తం పేర్లు ఆయనే జెప్పిండు. నాకు మస్తు పని తప్పింది."

మెట్ల వైపు చూశాను. ఎవరూ లేరు.

"అయినా ఇదేం గల్లీ సార్?" సంచీ సర్దుకుంటూ అంది. "ఆ కొస నుంచి తలుపులు కొట్టుకుంట వస్తున్న. ఇరవై ఇండ్లల్ల ఒక్కరు పలుకలే. మీరే పలికిన్రు."

నా వెనకాల, వంటింట్లో, బియ్యం చెరుగుతున్న చేట చప్పుడు ఆగింది.