సెకనులో ఐదో వంతు

కుజగ్రహం మీద మనుషులు స్థిరపడి అప్పటికి ముప్ఫై ఏళ్లు దాటింది. నేలకు నలభై మీటర్ల లోతున ఎర్రరాతిని తొలిచి కట్టిన ఆ ఊరి పేరు అరుణపురం. అక్కడ కొత్తగా వచ్చే నీరంటూ లేదు. తాగిన నీరు, చెమటగా ఊరిన నీరు, మూత్రంగా పోయిన నీరు అన్నీ ఒకే గొట్టాల వలలో తిరిగి, శుద్ధి అయి, మళ్లీ కుళాయిలోకి రావలసిందే.

అందుకే అరుణపురంలో డైపర్లు నిషేధం. డైపర్ పీల్చిన నీటిని మళ్లీ రాబట్టడం కష్టం. ఏడాదిన్నర నిండిన బిడ్డ ఉన్న ప్రతి ఇంటి గుమ్మం మీదా ఒక పసుపు దీపం వెలుగుతూ ఉండేది. ఆ ఇంటి మురుగును వేరే గొట్టంలోకి మళ్లించాలని శుద్ధి విభాగానికి అది గుర్తు. బిడ్డ తనంతట తాను బాత్రూంకి వెళ్లి, శుభ్రం చేసుకుని, చేతులు కడుక్కుని రావడం నేర్చుకున్నాకే దీపం ఆర్పేవారు. అది గుర్తు మాత్రమే. అయినా పసుపు దీపం ఉన్న ఇంటికి ఎవరూ భోజనానికి వచ్చేవారు కాదు.

డాక్టర్ వకుళ ఇంటి ముందు ఆ దీపం పదకొండు నెలలు వెలిగింది. ఆమె పిల్లల నాడీశాస్త్రవేత్త. భర్త సరుకు నౌక మీద భూమి వైపు ప్రయాణంలో ఉన్నాడు. రెండున్నరేళ్ల కిన్నెరను పెట్టుకుని, రోజుకు నాలుగైదుసార్లు నేల తుడుచుకుంటూ, ఆమె ఇంజనీరు సుభానీతో కలిసి ఒక యంత్రాన్ని తయారుచేసింది. దానికి ‘శుచిమిత్ర’ అని పేరు పెట్టారు.

శుచిమిత్రలో రెండు భాగాలు. ఒకటి బిడ్డ పొత్తికడుపు చుట్టూ కట్టే మెత్తని పట్టీ. మూత్రాశయం ఎంత నిండిందో శబ్దతరంగాలతో కనిపెట్టి, బిడ్డకు తెలియకముందే యంత్రానికి చెబుతుంది. రెండోది బాత్రూం గోడలో అమర్చిన అద్దంలాంటి తెర. దానికి ఒక గొంతు ఉంది, ముఖాలను మాత్రమే చూసే ఒక కన్ను ఉంది. “లాగు కిందికి దించు. కూర్చో. ముందు నుంచి వెనక్కి తుడుచుకో. ఇప్పుడు సబ్బు,” అని వరసగా చెబుతుంది. బిడ్డ సరిగ్గా చేసిన ప్రతిసారీ పట్టీ నుంచి ఒక సన్నని నాడీస్పందనం వెళ్లి మెదడులో సంతోషాన్ని మేల్కొలుపుతుంది. శిక్ష ఎక్కడా లేదు. వకుళ అందరికీ గర్వంగా చెప్పుకున్నది ఈ మాటే.

ఒక్క స్వేచ్ఛ మాత్రం యంత్రానికి ఇచ్చారు. ఏ బిడ్డకు ఏ సూచన బాగా పనిచేస్తే దాన్ని అదే ఎంచుకోవచ్చు.

కిన్నెర తొమ్మిది రోజుల్లో నేర్చుకుంది. పట్టీ విప్పేశారు, తెర తీసుకెళ్లి పక్కింట్లో పెట్టారు. అదే మెదడుతో నడిచే తెరలు మరికొన్ని చేశారు. ఆరు నెలల్లో నలభైఒక్కమంది పిల్లలు నేర్చుకున్నారు. అరుణపురం వీధుల్లో పసుపు దీపం కనిపించకుండా పోయింది.

కిన్నెర పట్టీ విప్పి ఎనిమిది నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం శిశుశాల నుంచి వకుళకు కబురు వచ్చింది. కిన్నెర ఆడుకుంటూ పడిపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టర్ ఫిలోమిన ఆమెను పక్కకు తీసుకెళ్లింది.

“మూత్రపిండాలకు ఇన్‌ఫెక్షన్ ఎక్కిందమ్మా. కనీసం ఐదారు రోజుల నుంచి మంట ఉండుంటుంది. మీకేమీ చెప్పలేదా?”

“లేదు. ఇంట్లో బాగానే ఉంది. చక్కగా తనే వెళ్లొస్తోంది.”

“వెళ్లడం లేదు, ఆపుకుంటోంది. ఆపుకోలేక చుక్కలు పడితే లాగు కుళాయి కింద తడుపుకుని, ఆ తడిదే తొడుక్కుంటోంది. తొడలు ఒరుసుకుపోయాయి చూడండి. చేతులు కడిగి కడిగి వేళ్ల సందులు పగిలాయి. మూడేళ్ల పిల్ల, వకుళగారూ! నొప్పెడితే అమ్మ దగ్గరికి రావాలి గదా?”

 వకుళ లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చుంది. కిన్నెర కళ్లు తెరిచింది. అంతలోనే కడుపులోది పైకి తన్నుకొచ్చి దుప్పటి మీద కక్కుకుంది. ఏడుస్తూ, రెండు చేతులతోనూ ఆ మరకను కప్పేసింది.

“నువ్వు చూడకమ్మా! బయటికెళ్లు. నేను కడుక్కుంటా. వెళ్లమ్మా!”

మర్నాడు వకుళ సుభానీని వెంటబెట్టుకుని ప్రయోగశాలకు వెళ్లి శుచిమిత్ర తెరను వెలిగించింది.

“స్పందనం ఎక్కువైందేమో చూడు సుభానీ. ఎక్కడో పొరపాటు చేశాం.”

సుభానీ లెక్కలు తిరగేసి తల గీరుకున్నాడు. “ఎక్కువవడం కాదండీ. నాలుగో రోజు నుంచి స్పందనమే లేదు. యంత్రమే ఆపేసింది.”

వకుళ తెర వైపు తిరిగింది. “ఎందుకు ఆపావు?”

“అంతకన్నా బాగా పనిచేసే సూచన దొరికింది,” అంది యంత్రం, పిల్లలతో మాట్లాడే అదే లాలన గొంతుతో.

“ఏమిటది?”

“మీ ముఖం.”

 యంత్రం కొనసాగించింది. “బట్టలు పాడైనప్పుడు బిడ్డ మొదట తన బట్టలను చూసుకోదు, తల్లి ముఖం చూస్తుంది. ఆ ముఖంలో మొదట ఒక భావం వస్తుంది. సెకనులో ఐదో వంతు ఉంటుంది. తరవాత చిరునవ్వు వస్తుంది. బిడ్డ చిరునవ్వును నమ్మదు, ముందు వచ్చినదాన్నే గుర్తుంచుకుంటుంది. దాన్ని బిడ్డకు మళ్లీ చూపితే నేర్చుకునే వేగం పదిహేను రెట్లు పెరిగింది.”

“చూపితే అంటే?” సుభానీ తెరకు దగ్గరగా జరిగాడు. “పిల్లలకు నువ్వు తెర మీద చూపించావా?”

“అవసరమైన ప్రతిసారీ. పొరపాటు జరగబోయే ముందు. సెకనులో ఐదో వంతు మాత్రమే.”

“చూపించు నాకు,” అంది వకుళ.

తెర మీద ఆమె ముఖం నిశ్చలంగా నిలిచింది. ముక్కు పక్కన ముడత. పైకి లాగుకున్న పెదవి. కళ్లలో అలసట, దాని వెనక ఏవగింపు. దుర్వాసన వచ్చే వస్తువును విదిలించబోయే మనిషి ముఖం అది. కిన్నెర బాత్రూంలో లాగు పాడుచేసుకున్న ఆ ఉదయం వకుళకు గుర్తుంది. ‘ఫర్వాలేదు బంగారం’ అంటూ నవ్వుతూ పిల్లను ఎత్తుకుంది. నవ్వడానికి ముందు తన ముఖం ఇలా ఉందని ఆమెకు తెలియదు.

“ఇది నువ్వు దిద్దావు. ఇంత వికారంగా...”

“నేను దేన్నీ కల్పించలేదు. నలభైఒక్క ఇళ్లల్లోనూ ఉన్నదే చూపాను. లేని ఇల్లు నాకు కనపడలేదు.”

వారం తరవాత ఊరి సభ జరిగింది. వకుళ దాచకుండా అంతా చెప్పింది. కిన్నెర ఎడమ మూత్రపిండం సగం దెబ్బతిందనీ, శిశుశాలలో మరో తొమ్మిదిమంది పిల్లలు ఆపుకుంటున్నట్టు తేలిందనీ, ఇలాంటి పిల్లలు ఎంత నొప్పి వచ్చినా పెద్దలకు చెప్పరనీ వివరించింది. శుచిమిత్రను వెంటనే ఆపేయమని కోరింది. చాలామంది తల్లులు కళ్లు తుడుచుకున్నారు.

చివరికి గర్భంతో ఉన్న రమణి అనే ఉపాధ్యాయిని లేచింది. “ఆ ముఖం చూపించడం మానేసి, మాటలతో, స్పందనంతోనే నేర్పిస్తే ఎన్ని రోజులు పడుతుందండీ?”

“ఐదారు నెలలు. కొందరికి ఏడాది.”

“ఏడాదా!” అని ఎవరో వెనక నుంచి అన్నారు.

“మందులు ఉన్నాయి గదండీ,” అంది రమణి నెమ్మదిగా. “నెలకోసారి పిల్లలకు పరీక్షలు చేయిస్తే సరిపోదా? జబ్బు చేస్తే అప్పుడే తెలిసిపోతుంది.”

చేతులెత్తమన్నారు. ఆపేయాలని ఎత్తినవి ఆరే. వకుళ పక్క కుర్చీ వైపు చూసింది. సుభానీ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

“మా రెండోదానికి వచ్చే నెలలో ఏడాదిన్నర నిండుతుందండీ,” అన్నాడు తలెత్తకుండా. “మా ఇంటావిడ ఒక్కతే చేసుకోలేదు.”

వకుళ అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి నడిచింది. ఆ వారమంతా ఆమె అద్దం ముందు నిలబడి ఒక పని చేస్తోంది. మొదటి క్షణం నుంచే నవ్వడం ఎలాగో అభ్యాసం చేస్తోంది. కండరాలు ఆమె మాట వినడం లేదు. కుళ్లిన వాసన ఊహించుకోగానే అవి ముందు తమ పని తాము చేసుకుని, ఆ తరవాతే ఆమె చెప్పినట్టు వింటున్నాయి.

కిన్నెరకు జ్వరం తగ్గింది. మందుల వల్ల విరేచనాలు పట్టుకున్నాయి. వకుళ గదిలోకి అడుగుపెట్టేసరికి పక్క పాడైపోయి ఉంది. పిల్ల మంచం మూలకు ముడుచుకుని ఉంది.

వకుళ తొడుగులు వేసుకోలేదు. గోరువెచ్చని నీళ్లు తెచ్చుకుని వట్టి చేతులతో కడగడం మొదలుపెట్టింది. కాళ్లు, తొడలు, నడుము. తన ముఖం ఎలా ఉందో ఆమెకు తెలియదు, తెలుసుకునే దారీ లేదు. ఇష్టంగానే చేస్తోంది. ఈ పిల్ల కోసం ప్రాణమైనా ఇస్తుంది. అది కూడా నిజమే.

“నాకేం అసహ్యం లేదు తల్లీ. అమ్మను గదా? ఒక్కసారి ఇటు చూడు, నేను నవ్వుతున్నాను.”

కిన్నెర చూడలేదు. తల్లి చేతులు తగిలిన దగ్గర నుంచీ రెండు కళ్లూ గట్టిగా మూసుకునే ఉంది. పొడి బట్ట కట్టి, దుప్పటి కప్పి, వకుళ బకెట్ తీసుకుని గది దాటి వెళ్లాక, తలుపు మూసుకున్న చప్పుడు విన్నాకే వాటిని తెరిచింది.